వోలర్ యూరియాతో ప్రాణశక్తి సిద్ధాంతం నిజంగా కూలిపోయిందా? కర్బన రసాయన శాస్త్రం నిర్వచనం మారుతూ వచ్చిన తీరు

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. కర్బన రసాయన శాస్త్రమంటే 'కార్బన్ సమ్మేళనాల శాస్త్రం' అని ఇంటర్ పుస్తకంలోనూ, 'కార్బన్–హైడ్రోజన్ బంధం ఉన్న సమ్మేళనాల శాస్త్రం' అని కోచింగ్ నోట్సులోనూ, 'జీవుల నుంచి లభించే పదార్థాల శాస్త్రం' అని ఇంట్లో దొరికిన పాత పుస్తకంలోనూ ఉందని, ఈ మూడింటిలో ఏది సరైనదని మొదటి ప్రశ్న. 1828లో జర్మన్ రసాయనవేత్త వోలర్ మూత్రంలో ఉండే యూరియాను ప్రయోగశాలలో తయారు చేయడంతోనే, జీవుల్లోని పదార్థాలను ప్రాణశక్తి అనే ఒక ప్రత్యేక శక్తి మాత్రమే తయారు చేయగలదన్న ప్రాణశక్తి సిద్ధాంతం కూలిపోయిందన్న మాట ఎంతవరకు నిజమన్నది రెండో ప్రశ్న. రెండోదాని సంగతి తేలితే మొదటిదానికి జవాబు చాలావరకు దొరికినట్టే కాబట్టి చరిత్ర నుంచే మొదలుపెడతాను. డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం ఈ పాఠం చెప్పినవాడిగా నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను: ఈ నిర్వచనాన్ని ఏ ఒక్క ప్రయోగమూ మార్చలేదు. రసాయనవేత్తలు ప్రయోగశాలలో రోజూ చేసే పని మారినప్పుడల్లా, కాస్త వెనకగా, నిర్వచనం కూడా మారుతూ వచ్చింది.

17వ శతాబ్దంలో పదార్థాలను అవి దొరికిన చోటును బట్టి విభజించేవారు. ఫ్రాన్సులో నికొలా లెమెరీ 1675లో అచ్చువేసిన పాఠ్యగ్రంథంలో ఖనిజాలు, వృక్షాలు, జంతువులు అని మూడు భాగాలు కనిపిస్తాయి. ఇందులో సిద్ధాంతమేమీ లేదు. ఔషధాలు తయారు చేసేవాడికి గనిలోంచి వచ్చిన సరుకు ఒక చోట, తోటలోంచి వచ్చిన సరుకు ఒక చోట ఉంటే పని సులువవుతుంది, అంతే. అప్పటి రసాయనవేత్తకు మొక్క చేతికి వస్తే చేయగలిగింది కూడా తక్కువే. దాన్ని బట్టీలో పెట్టి కాల్చితే ఏ మొక్క నుంచైనా దాదాపు ఒకే రకంగా నీరు, నూనె, బొగ్గు, బూడిద వచ్చేవి. గులాబీకీ గోంగూరకూ తేడా ఆ మంటలోనే పోయేది.

ఈ పరిస్థితిని మార్చినవాడు స్వీడన్‌కు చెందిన మందుల తయారీదారు కార్ల్ విల్హెల్మ్ షీలే. కాల్చకుండా, ద్రావకాలతోనూ అవక్షేపాలతోనూ పదార్థాన్ని చెక్కుచెదరకుండా బయటికి తీయడం ఆయన పద్ధతి. సిట్రిక్ ఆమ్లాన్ని ఆయన 1784లో వేరుచేసిన తీరు చూడండి. నిమ్మరసంలో సుద్దపొడి వేసి, పులుపు విరిగేదాకా కలిపి వేడిచేస్తే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది, అదే కాల్షియం సిట్రేట్. దాన్ని శుభ్రంగా కడిగి, తగినంత సజల గంధకామ్లం పోస్తే కాల్షియం సల్ఫేట్ అడుగున చేరి, ఆమ్లం పైతేటలో మిగులుతుంది. ఆ తేటను ఇగరబెడితే స్ఫటికాలు వస్తాయి. దీన్ని ఇవాళ కూడా ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా చేయించవచ్చు. పులిసిన పాల నుంచి లాక్టిక్ ఆమ్లం, ఆపిల్ రసం నుంచి మాలిక్ ఆమ్లం, మూత్రాశయంలోని రాళ్ళ నుంచి యూరిక్ ఆమ్లం, ఆలివ్ నూనె నుంచి గ్లిజరాల్ మొదట బయటపడ్డది ఆయన చేతుల్లోనే. వీటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పంచదార మీద నత్రికామ్లం చర్య వల్ల ఆయనకు ఒక ఆమ్లం వచ్చింది. మన పులిచింత ఆకు జాతికే చెందిన ఒక ఐరోపా మొక్కలోని పుల్లటి ఆమ్లమూ అదేనని 1784లో ఆయన నిరూపించాడు. అదే ఆక్సాలిక్ ఆమ్లం. మొక్క తయారు చేసే పదార్థం గాజుపాత్రలో కూడా తయారవుతుందని దీనితో అప్పుడే తెలిసిపోయింది, కాకపోతే మొదలు పెట్టిన ముడిసరుకు పంచదార కనుక ఎవరూ ఉలిక్కిపడలేదు. ఈ ఆక్సాలిక్ ఆమ్లాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

ఫ్రెంచి రసాయనవేత్త లెవోయిజర్ ఆల్కహాల్‌నూ నూనెలనూ ఆక్సిజన్‌లో మండించి, వచ్చిన నీటినీ కార్బన్ డయాక్సైడునూ కొలిచి, మొక్కల నుంచి వచ్చే పదార్థాల్లో ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ ఉంటాయనీ, జంతువుల నుంచి వచ్చేవాటిలో వీటికి నత్రజని కూడా తోడవుతుందనీ చెప్పాడు. అంటే మొక్కలకూ జంతువులకూ మధ్య గోడ పలచబడింది. ఆ రెండు భాగాలనూ కలిపి 'ఆర్గానిక్' అన్న ఒకే పేరు కింద, అవయవాలున్న జీవుల రసాయన శాస్త్రం అన్న అర్థంలో, 1806 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చినవాడు స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్. ఖనిజ సమ్మేళనాల్లో మూలకాలు చిన్న పూర్ణాంకాల నిష్పత్తిలో చక్కగా కలుస్తాయి. చక్కెరలోనో కొవ్వులోనో ఆ సరళత కనబడదు. జీవప్రపంచంలో మూలకాలు నిర్జీవ ప్రపంచంలోని నియమాలకు భిన్నమైన నియమాలను పాటిస్తున్నట్టు కనిపిస్తోందని ఆయన 1827లో కూడా రాశాడు. ప్రాణశక్తి గురించి మన పుస్తకాలు చెప్పేదానికి ఆధారం ఇలాంటి వాక్యాలే. అయితే ఇదే బెర్జీలియస్ 1814 ప్రాంతంలో నెలల తరబడి కూర్చుని ఆర్గానిక్ ఆమ్లాలను విశ్లేషించి, మూలకాలు స్థిరమైన పాళ్ళలోనే కలుస్తాయన్న స్థిరానుపాత నియమం వాటిలోనూ వర్తిస్తుందని చూపినవాడు. ఆయనను మూఢవిశ్వాసిగా చిత్రించే పాఠాలు విన్నప్పుడల్లా నాకు చికాకు కలుగుతుంది.

ఇక వోలర్ దగ్గరికి వద్దాం. ఫ్రీడ్రిష్ వోలర్ బెర్జీలియస్ శిష్యుడు. అప్పటికి బెర్లిన్‌లోని ఒక వృత్తివిద్యా పాఠశాలలో బోధిస్తున్నాడు. యూరియాను తయారు చేయాలన్న ఉద్దేశం ఆయనకు లేదు, ఆయనకు కావలసింది అమోనియం సయనేట్ అనే లవణం. అందుకోసం సిల్వర్ సయనేట్‌ను అమోనియం క్లోరైడ్ ద్రావణంతో కలిపాడు, మరోసారి లెడ్ సయనేట్ మీద అమోనియా ద్రావణం ప్రయోగించాడు. ఎలా చేసినా రంగులేని నాలుగు పలకల స్ఫటికాలే వచ్చాయి. వాటికి క్షారం కలిపితే అమోనియా వాసన రావాలి, రాలేదు. సీసం, వెండి లవణాలు కలిపితే సయనేట్ అవక్షేపం రావాలి, అదీ రాలేదు. నత్రికామ్లం పోస్తే మాత్రం మెరిసే పొలుసుల్లాంటి స్ఫటికాలు దిగాయి. ఈ లక్షణం మూత్రం నుంచి తీసిన యూరియాకు ఉన్నదేనని గుర్తొచ్చి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాడు. అంతకుముందు ఇంగ్లండులో విలియం ప్రౌట్ యూరియాను విశ్లేషించి అందులో నూటికి సుమారు 46.6 పాళ్ళు నత్రజని ఉందని తేల్చాడు. అమోనియం సయనేట్‌కు లెక్క కట్టి చూస్తే అంకెలన్నీ సరిగ్గా సరిపోయాయి. మన రైతులు కొనే యూరియా బస్తా మీద '46% నత్రజని' అని ఉండేది దాదాపు ఈ అంకే.

1828 ఫిబ్రవరి 22న గురువుకు రాసిన ఉత్తరంలో, మనిషిదైనా కుక్కదైనా మూత్రపిండంతో పని లేకుండా యూరియా తయారు చేయగలనని వోలర్ ఉత్సాహంగా చెప్పాడు. దాన్నే అందరూ ఉటంకిస్తారు. అదే ఉత్తరంలో ఆయన లేవనెత్తిన సందేహాన్ని మాత్రం ఎవరూ ఉటంకించరు. నిర్జీవ పదార్థం నుంచి ఆర్గానిక్ పదార్థాన్ని కృత్రిమంగా తయారు చేయడానికి దీన్ని ఉదాహరణగా తీసుకోవచ్చా, సయనిక్ ఆమ్లానికీ అమోనియాకూ మొదట ఏదో ఒక ఆర్గానిక్ పదార్థమే ఆధారం కదా అని ఆయనే అడిగాడు. ఆ రోజుల్లో సయనేట్లను పసుపుపచ్చని పొటాషియం ఫెర్రోసయనైడ్ నుంచి చేసేవారు, ఆ ఫెర్రోసయనైడునేమో ఎండిన రక్తం, కొమ్ములు, గిట్టలు ఇనుముతోనూ పొటాష్‌తోనూ కలిపి కాల్చి చేసేవారు. ఆ విధంగా చూస్తే జంతువు ఎక్కడికీ పోలేదు, రెండు మెట్లు వెనక్కి జరిగిందంతే. బెర్జీలియస్ కూడా ఓడిపోయినవాడిలా జవాబు రాయలేదు. ఇంకాస్త ముందుకు వెళ్ళి మీ పాఠశాల ప్రయోగశాలలో ఓ చిన్న బిడ్డను కూడా తయారు చేయగలిగితే ఎంత గొప్ప కళ అని సరదాగా రాశాడు.

ఇంకో విషయం. వోలర్ 1824లోనే సయనోజన్ వాయువును అమోనియా ద్రావణంతో చర్య జరిపి ఆక్సాలిక్ ఆమ్లాన్ని పొందాడు. ఆకుల్లో దొరికే అదే ఆమ్లం, పంచదార నుంచి షీలే చేసిన అదే ఆమ్లం. 'మొదటి కృత్రిమ ఆర్గానిక్ పదార్థం' అన్న బిరుదు దేనికైనా ఇవ్వాలంటే న్యాయంగా దానికి ఇవ్వాలి. అప్పుడు ఏ గోడా కూలలేదు, ఎవరూ కూలిందని అనుకోలేదు.

1828 నాటివారికి యూరియాలో నిజంగా ఆశ్చర్యం కలిగించింది వేరే సంగతి. అమోనియం సయనేట్, యూరియా రెండింటిలోనూ అవే మూలకాలు, అవే పాళ్ళలో ఉన్నాయి, అయినా రెండూ వేర్వేరు పదార్థాలు. అంతకు నాలుగేళ్ళ ముందే వోలర్ విశ్లేషించిన సిల్వర్ సయనేట్‌కూ, జర్మన్ రసాయనవేత్త లీబిగ్ విశ్లేషించిన పేలుడు పదార్థం సిల్వర్ ఫుల్మినేట్‌కూ ఒకే సంఘటనం ఉందని తేలి, ఇద్దరిలో ఎవరో ఒకరు పొరపాటు పడి ఉంటారని మొదట అనుకున్నారు. ఇలాంటి ఉదాహరణలు పోగయ్యాక బెర్జీలియస్ 1830 ప్రాంతంలో ఈ దృగ్విషయానికి ఐసోమెరిజం అని పేరు పెట్టాడు. మన పుస్తకాల్లో సాదృశ్యం అంటున్నాం. ఏ మూలకాలు ఎన్ని పాళ్ళు అన్న ఒక్క లెక్కతో పదార్థం ఏదో చెప్పలేమనీ, పరమాణువుల అమరిక కూడా తెలియాలనీ దీనితో స్పష్టమైంది. కర్బన రసాయన శాస్త్రానికి వోలర్ ప్రయోగం చేసిన అసలు మేలు నా దృష్టిలో ఇదే.

మరి ప్రాణశక్తిని చంపిన వీరగాథ ఎక్కడి నుంచి వచ్చింది? 1882లో వోలర్ మరణించాక, జర్మన్ రసాయనవేత్త హోఫ్‌మన్ రాసిన సంస్మరణ వ్యాసంతో ఆ కథకు మంచి ఊపు వచ్చింది. తర్వాత 1930 ప్రాంతంలో వచ్చిన ఒక జనరంజకమైన ఇంగ్లీషు పుస్తకం దానికి నాటకీయత జోడించింది. పాఠ్యపుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నాయి. చరిత్రకారుడు డగ్లస్ మెకీ 1944లోనే 'నేచర్' పత్రికలో ఇదొక కట్టుకథ అని పత్రాల ఆధారంగా చూపించినా, ఆ వ్యాసం మన సిలబస్ దాకా ఇంకా రాలేదు.

1828 తర్వాత జరిగింది నిజానికి మరింత ఆసక్తికరంగా ఉంటుంది. 1831లో లీబిగ్ జర్మనీలోని గీసెన్‌లో ఐదు గాజుబుడగలున్న త్రికోణాకారపు పరికరం ఒకటి తయారు చేశాడు. నమూనాను కాపర్ ఆక్సైడుతో కలిపి గొట్టంలో పెట్టి, చుట్టూ బొగ్గులు రాజేసి కాలుస్తారు. వచ్చిన నీటి ఆవిరిని కాల్షియం క్లోరైడు పట్టుకుంటుంది, కార్బన్ డయాక్సైడును ఈ బుడగల్లోని పొటాష్ ద్రావణం పీల్చుకుంటుంది. ముందూ వెనుకా తూచి చూస్తే కార్బన్ ఎంతో, హైడ్రోజన్ ఎంతో తెలిసిపోతుంది. బెర్జీలియస్ లాంటి నిపుణుడికి నెలలు పట్టిన పనిని దీనితో శిక్షణ పొందిన విద్యార్థి కూడా త్వరగా చేయగలిగేవాడు. అమెరికన్ కెమికల్ సొసైటీ చిహ్నంలో ఇవాళ్టికీ ఈ పరికరమే ఉంటుంది. అయితే అంకెలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడటంతో అయోమయమూ పెరిగింది. కర్బన రసాయన శాస్త్రం తనకు పిచ్చెక్కిస్తోందనీ, అంతులేని ఆదిమారణ్యంలా కనిపిస్తోందనీ వోలర్ 1835లో బెర్జీలియస్‌తో మొరపెట్టుకున్నాడు.

ఆ అడవిలో దారి కోసం వెతికినవారి చేతిలోనే నిర్వచనం మొదటిసారి నిజంగా మారింది. చేదు బాదం నూనె మీద పనిచేసిన లీబిగ్, వోలర్ 1832లో బెంజాయిల్ అనే పరమాణు సముదాయం ఒక పదార్థం నుంచి మరొక పదార్థానికి చెక్కుచెదరకుండా వెళుతోందని చూపారు. ఇలాంటి సముదాయాన్ని రాడికల్ అనేవారు. 1837లో లీబిగ్, ఫ్రాన్సుకు చెందిన డ్యూమా కలిసి ప్యారిస్ అకాడమీకి ఒక ప్రకటన సమర్పించారు: ఖనిజ రసాయనంలో రాడికళ్ళు సరళమైనవి, అంటే మూలకాలు, ఆర్గానిక్ రసాయనంలో రాడికళ్ళు సంయుక్తమైనవి, తేడా అంతే, కలిసే నియమాలు రెండు చోట్లా ఒక్కటే. ఈ నిర్వచనంలో జీవి ప్రస్తావన ఎక్కడా లేదు, కార్బన్ ప్రస్తావన కూడా లేదు. కొన్నేళ్ళ తర్వాత లీబిగ్ తన గ్రంథంలో ఇది 'సంయుక్త రాడికళ్ళ రసాయన శాస్త్రం' అనే రాశాడు. మీ మూడు నిర్వచనాల్లో చోటు దొరకని ఈ నాలుగోది ఎక్కువకాలం నిలవలేదు. రాడికల్‌లోని హైడ్రోజన్‌ను తీసి క్లోరిన్‌ను పెట్టినా పదార్థం తన స్వభావాన్ని చాలావరకు నిలుపుకుంటుందని డ్యూమా, లొరాన్ చూపడంతో, రాడికల్ అంటే మార్పు లేనిదన్న ఆధారమే పోయింది.

సంశ్లేషణ, అంటే పదార్థాలను కృత్రిమంగా నిర్మించడం, విషయానికొస్తే, వోలర్ తర్వాత చాలా ఏళ్ళు గడిచాక, 1840ల మొదట్లో కూడా ఫ్రెంచి రసాయనవేత్త జెరార్, రసాయనవేత్త కాల్చుతాడు, ధ్వంసం చేస్తాడు, నిర్మించగలిగేది ప్రాణశక్తి ఒక్కటే అని రాశాడు. 1845లో జర్మనీలో హెర్మన్ కోల్బే ఎసిటిక్ ఆమ్లాన్ని మూలకాల దగ్గర నుంచి మొదలుపెట్టి తయారు చేసిన విధానాన్ని ప్రచురించాడు. బొగ్గు, గంధకం కలిపితే కార్బన్ డైసల్ఫైడు వస్తుంది. దాన్ని క్లోరిన్‌తో కార్బన్ టెట్రాక్లోరైడుగా, ఎర్రగా కాలిన గొట్టం గుండా పంపి టెట్రాక్లోరోఇథిలీన్‌గా, సూర్యకాంతిలో క్లోరిన్, నీటి సమక్షంలో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంగా మార్చి, చివరకు క్లోరిన్ స్థానంలో హైడ్రోజన్‌ను ప్రవేశపెట్టాడు. ముడిసరుకు జంతువుల నుంచే వచ్చిందని వోలర్ మీద ఉన్న ఆక్షేపణ దీనికి వర్తించదు. ఆ తర్వాత ఫ్రెంచి రసాయనవేత్త బెర్తెలో కార్బన్ మోనాక్సైడు నుంచి ఫార్మిక్ ఆమ్లం చేశాడు, 1862లో హైడ్రోజన్ నింపిన పాత్రలో కార్బన్ కడ్డీల మధ్య విద్యుత్ చాపం వెలిగించి నేరుగా ఎసిటిలీన్ చేశాడు. సంశ్లేషణ అన్నది అప్పటికి యాదృచ్ఛిక ఫలితం నుంచి ఒక కార్యక్రమంగా మారింది. కాలక్రమంలో దాని దెబ్బ మన ప్రాంతానికీ తగిలింది: 1868లో గ్రేబే, లీబర్‌మన్ తయారు చేసిన అలిజరిన్, మచిలీపట్నం కలంకారీ ఎరుపుకు వాడే చిరివేరులో ఉన్న రంగే, 1897లో జర్మనీ నుంచి బజారుకొచ్చిన కృత్రిమ నీలి, కడప, నెల్లూరు జిల్లాల నీలిమందు సాగు కూడా చేరిన భారతీయ నీలిమందు వ్యాపారాన్ని దెబ్బతీసింది.

జీవి ఆధారమైన నిర్వచనం పనికిరాకపోయింది, రాడికల్ నిర్వచనం నిలవలేదు; ఇక మిగిలింది కార్బన్. జర్మన్ రసాయనవేత్త గ్మెలిన్ 1848లోనే కార్బన్ ఒక్కటే ఈ సమ్మేళనాలకు అత్యవసరమైన మూలకమని అన్నాడు. కానీ కార్బన్‌కు ఆ ప్రత్యేకత ఎందుకన్నది 1858లో జర్మన్ రసాయనవేత్త కెకులే, విడిగా స్కాట్లండుకు చెందిన కూపర్, కార్బన్ పరమాణువు సంయోజకత నాలుగనీ, అంటే అది నాలుగు బంధాలు ఏర్పరచగలదనీ, తనలో తానే గొలుసులుగా కలుస్తుందనీ ప్రతిపాదించేదాకా తెలియలేదు. 1859 నుంచి విడతలుగా వెలువడిన తన పాఠ్యగ్రంథంలో కెకులే ఇది కార్బన్ సమ్మేళనాల రసాయన శాస్త్రమని సూటిగా నిర్వచించాడు. అంతటితో ఆగకుండా ఇంకో రెండు మాటలన్నాడు: ఇతర సమ్మేళనాలకూ వీటికీ మౌలికమైన భేదమేదీ లేదు, సంఖ్యలోనూ ప్రాధాన్యంలోనూ ఎక్కువ కాబట్టి విడిగా చదువుతున్నాం, మొక్కల్లో, జంతువుల్లో జరిగే చర్యల అధ్యయనం దీని పని కాదు, అది శరీరధర్మ రసాయనం. అంటే ఇది పని సౌలభ్యం కోసం గీసుకున్న గీత అని గీసినవాడే ఒప్పుకున్నాడు. అదే గ్రంథంలో ఒక్క ఎసిటిక్ ఆమ్లానికే అప్పట్లో చలామణిలో ఉన్న 19 ఫార్ములాలను ఆయన వరసగా అచ్చువేశాడు. పరమాణు భారాల మీద ఏకాభిప్రాయం లేని కాలమది. కార్బన్‌ను కొందరు 6గా, కొందరు 12గా లెక్కించేవారు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూలో జరిగిన సమావేశం తర్వాతే ఆ గందరగోళం క్రమంగా సర్దుకుంది.

ప్రాణశక్తి మాత్రం అప్పటికీ పూర్తిగా వెనక్కి తగ్గలేదు, వేరే చోటికి మారింది. ధ్రువిత కాంతిని (ఒకే తలంలో కంపించే కాంతిని) ఒక వైపుకే తిప్పే పదార్థాలను జీవులే తయారు చేయగలవని ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ నమ్మాడు, కిణ్వనం, అంటే పులియడం, జీవకణపు పని అని గట్టిగా వాదించాడు. 1897లో జర్మన్ రసాయనవేత్త బుక్నర్ ఈస్టును ఇసుకతో నూరి, పిండి, కణాలు లేని ఆ రసంలో పంచదార కలిపితే అది కూడా పులిసింది. జీవరసాయనం వైపు నుంచి ఈ కథకు ముగింపు చెప్పాలంటే నేను 1828 కంటే 1897నే ఎంచుకుంటాను.

ఇప్పుడు మీ మూడు నిర్వచనాలు. జీవుల నుంచి వచ్చేదన్నది చారిత్రకమైనది. నూలు బట్టకు వర్తిస్తుంది, నైలాన్‌కు వర్తించదు. కార్బన్–హైడ్రోజన్ బంధం అన్నది గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది గానీ యూరియా నిర్మాణం గీసి చూడండి: మధ్యన కార్బన్, దానికి ఒక ఆక్సిజన్, రెండు నత్రజనులు, హైడ్రోజన్లు నాలుగూ నత్రజనుల మీదే ఉన్నాయి, కార్బన్ మీద ఒక్కటీ లేదు. ఆక్సాలిక్ ఆమ్లంలో కూడా అంతే, హైడ్రోజన్లు ఆక్సిజన్ల మీద ఉన్నాయి. కార్బన్ టెట్రాక్లోరైడులో అసలు హైడ్రోజనే లేదు. కోచింగ్ నోట్సు నిర్వచనాన్ని అక్షరాలా పాటిస్తే షీలే, వోలర్ పేర్లతో చెప్పే పదార్థాలే కర్బన రసాయన శాస్త్రం బయటికి పోతాయి. మాంచెస్టర్‌లో బోధించిన షోర్లెమ్మర్ చెప్పిన 'హైడ్రోకార్బన్లు, వాటి ఉత్పన్నాలు' అన్న నిర్వచనం దీనికన్నా మేలు. మీథేన్‌లోని నాలుగు హైడ్రోజన్ల స్థానంలో నాలుగు క్లోరిన్లు పెడితే కార్బన్ టెట్రాక్లోరైడు, ఈథేన్ చివరలు రెండూ ఆక్సీకరణం చెందితే ఆక్సాలిక్ ఆమ్లం, ఇలా అన్నీ అందులో ఇముడుతాయి.

పరీక్షలో కెకులే నిర్వచనాన్నే రాసి, కార్బన్ ఆక్సైడులు, కార్బొనేట్లు, సయనైడులు, కార్బైడులు సంప్రదాయం ప్రకారం అకర్బన రసాయనంలో చదువుతామని ఒక వాక్యం చేర్చండి. వోలర్ మీద రెండు మార్కుల ప్రశ్న వస్తే 1828, అమోనియం సయనేట్, వేడిచేస్తే యూరియా అని రాసి మార్కులు తెచ్చుకోండి; ఐదు మార్కుల ప్రశ్న అయితే సాదృశ్యాన్నీ, 1845 నాటి కోల్బే ఎసిటిక్ ఆమ్లాన్నీ కూడా ప్రస్తావించండి, ఏ ఎగ్జామినరూ కాదనడు.